పంచాంగం దిద్దిన కవి ఉమర్ ఖయ్యాం

ఉమర్ ఖయ్యాం పేరు వినగానే మధుపాత్ర, పూలతోట, పక్కన చెలియ గుర్తుకు రావడం పరిపాటి. నెల్లూరు జిల్లాకు చెందిన కవికోకిల దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చి ఆ పద్యాలను ‘పానశాల’గా తెలుగు చేశాక ఆ పేరు మన పల్లెలకూ పాకింది. అయితే బతికివున్న రోజుల్లో ఆయనను కవిగా ఎరిగినవారు బహు తక్కువ. ఆనాటి వారికి ఆయన లెక్కల పండితుడు, నక్షత్రాల గతి చూసే మనిషి.

ఇరాన్‌లోని నిషాపూర్ పట్టణంలో 1048లో ఆయన జన్మించాడు. ఖయ్యాం అంటే గుడారాలు కుట్టేవాడని అర్థం. పుట్టిన తేదీ మే 18 అని పండితులు తేల్చింది, పాత గ్రంథం ఒకదానిలో రాసివున్న ఆయన గ్రహస్థితిని బట్టి. జాతకాలపై నమ్మకం లేని మనిషి పుట్టినరోజుకు జాతకమే సాక్ష్యం కావడం చిత్రం.

యౌవనంలోనే బీజగణితంపై గొప్ప గ్రంథం రాశాడు. 1074లో సుల్తాను మలిక్ షా ఆయనను ఇస్ఫహాన్‌కు పిలిపించి వేధశాల పని అప్పగించాడు. అక్కడ చేసిన పని రైతులకు బాగా అర్థమయ్యేది. హిజ్రీ సంవత్సరానికి 354 రోజులే. సూర్యుని లెక్కతో చూస్తే ఏటా 11 రోజులు తక్కువ. మన పంచాంగకర్తలు అధికమాసం వేసి ఈ తేడా సర్దుతారు. హిజ్రీలో ఆ ఏర్పాటు లేదు. కనుక ఒక ఏడు కోతలకు వచ్చిన నెల, పదహారేళ్లు తిరిగేసరికి అటు చివర ఉంటుంది. ఆ నెలలను పట్టుకుని శిస్తు అడిగితే చేలో గింజ పాలుపోసుకోక ముందే రైతు డబ్బు కట్టాలి! అందుకని పారశీకులు వేరే సౌర లెక్క కూడా వాడేవారు. అందులో 365 రోజులే లెక్కించి పావురోజు వదిలేయడంతో అదీ నాలుగేళ్లకొక రోజు చొప్పున జరిగిపోయింది.

ఖయ్యాం, తోటి పండితులు కలిసి 1079లో దాన్ని దిద్దారు. వసంతంలో రాత్రి, పగలు సమానమయ్యే రోజునే ఏడాది మొదలు కావాలని కట్టడి చేశారు. 33 ఏళ్లలో 8 సార్లు ఒక రోజు కలపాలన్నది ఆయన పేరిట చెప్పుకునే లెక్క. దాని ప్రకారం సంవత్సరానికి 365 రోజుల 5 గంటల 49 నిమిషాలు. నేటి శాస్త్రజ్ఞుల లెక్కకూ దీనికీ తేడా అర నిమిషం లోపే.

ఒక చలికాలం సుల్తాను వేటకు వెళ్లడానికి వాన, మంచు లేని రోజులు చెప్పమన్నాడు. ఖయ్యాం రెండు రోజులు పరిశీలించి చెప్పాడు. తీరా సుల్తాను గుర్రమెక్కాక మబ్బు కమ్మింది. అందరూ నవ్వారు. భయం లేదు, అయిదు రోజులు చుక్క పడదని ఖయ్యాం ధైర్యం చెప్పాడు. అలాగే జరిగింది. ఈ సంగతి రాసిన శిష్యుడు నిజామీ అరూజీ, గ్రహఫలాలపై గురువుకు పెద్దగా నమ్మకం ఉన్నట్టు తనకు కనబడలేదని కూడా చేర్చాడు.

1092లో రోజులు తిరగబడ్డాయి. ఆదరించిన మంత్రి నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యాడు. కొద్ది వారాలకే సుల్తానూ పోయాడు. వేధశాలకు సొమ్ము ఆగింది. నాస్తికుడన్న నింద పైకి లేచింది. ఆ రోజుల్లో అది ప్రాణం మీదికి తెచ్చే నింద. ఖయ్యాం హజ్ యాత్ర చేసి వచ్చాడు. భక్తితో కాదు, భయంతో వెళ్లాడని తర్వాతి చరిత్రకారుడొకరు రాశాడు. మనసులో ఏముందో పక్కవాడు రాస్తే ఎంతవరకు నమ్మాలి?

గ్రహం రేపు ఎక్కడుంటుందో ఆయన లెక్క కట్టగలడు. మనిషి ఎందుకొచ్చాడో, పోయి ఏ మట్టిలో కలిసి ఏ కుమ్మరి సారెకెక్కుతాడో లెక్కకు అందదు. మతపెద్దల ముందు అడిగితే ముప్పు. ఆ ప్రశ్నలకు నాలుగు పాదాల రుబాయీలే చోటిచ్చాయి. శాస్త్ర గ్రంథాల్లో సృష్టికర్తను స్తుతించిన మనిషే పద్యంలో ఆయనను నిలదీశాడు. ఈ రెంటిలో ఒకటి నటన అనుకోనక్కరలేదు. ఆయన పేరిట వందలకొద్దీ రుబాయీలు చేరాయి, అన్నీ ఆయనవి కావు. 13వ శతాబ్దిలో నజ్ముద్దీన్ రాజీ అనే సూఫీ రెండు పద్యాలు చూపి దారి తప్పినవాడన్నాడు. మరికొందరు అదే మధువును దైవప్రేమగా చదువుకున్నారు.

1131లో ఆయన చివరి రోజు గురించి అల్లుడు చెప్పగా బైహఖీ అనే చరిత్రకారుడు రాశాడు. అవిసెన్నా గ్రంథంలో ఒకటి, అనేకం అన్న అధ్యాయం చదువుతూ పుల్ల గుర్తుగా పెట్టి మూశాడు. ఇంటివారిని పిలిచి చెప్పవలసినవి చెప్పాడు. ఆపై ఏమీ తినలేదు, తాగలేదు. రాత్రి నమాజులో నేలకు నుదురు ఆనించి, తన శక్తి కొద్దీ దేవుణ్ణి తెలుసుకున్నానని, ఆ తెలుసుకోవడమే తనకు దారి అని, క్షమించమని వేడుకుని ప్రాణం విడిచాడు.

చెట్లు పూలు రాల్చే చోట తన సమాధి ఉంటుందని ఆయన ఎప్పుడో శిష్యుడితో అన్నాడట. నాలుగైదేళ్ల తర్వాత నిజామీ నిషాపూర్ వెళ్లి చూశాడు. తోటగోడ మీదుగా వాలిన కొమ్మల పూలు సమాధిని కనబడకుండా కప్పేశాయి. శిష్యుడు అక్కడే నిలబడి ఏడ్చాడు.