వ్యాపారం కోసం లెక్కలు నేర్చుకున్న లియోనార్డో



ఫిబొనాచ్చి అనగానే మనకి కుందేళ్ల లెక్క గుర్తుకొస్తుంది. 1, 2, 3, 5, 8, 13... ఆ వరుసే. కానీ ఆయన లెక్కలు నేర్చుకున్నది కుందేళ్ల కోసం కాదు, వ్యాపారం కోసం! నేను ఇంటర్‌లో కామర్స్ తీసుకుంటానంటే, దానికి ఇన్ని లెక్కలెందుకురా అని మన రూములో వాళ్లే అడిగారు. అందుకే ఈ సంచికకి ఆయన జీవితం రాస్తున్నాను.

ఆయన పేరు లియోనార్డో. సుమారు 1170లో ఇటలీలోని పీసా పట్టణంలో జన్మించారు. ఫిబొనాచ్చి అన్నది చాలాకాలం తరువాత వచ్చిన పేరు. ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియాలో, బుజియా అనే రేవుంది. ఆయన తండ్రి గుల్యెల్మో అక్కడ పీసా వర్తకుల తరఫున సుంకాల కచేరీలో పనిచేసేవారు. కొడుక్కి ముందుముందు పనికొస్తుందని అక్కడికి పిలిపించి లెక్కల చదువులో పెట్టారు. మనల్ని హాస్టల్లో వేసినట్టే అనుకోండి.

అక్కడ ఆయన నేర్చుకున్నవి మన దేశపు అంకెలు! 1 నుంచి 9 దాకా, ఇంకా సున్నా. ఇవి మన దేశంలో పుట్టి అరబ్బుల ద్వారా అక్కడికి చేరాయి. అప్పటికి ఐరోపాలో వాడేవి రోమన్ అంకెలు. వాటిలో 38 రాయాలంటే ఏడు గుర్తులు కావాలి. వాటితో గుణకారం చేయడం ఎంత కష్టమో మీరే చూడండి. అందుకని వర్తకులు బల్ల మీద బిళ్లలు జరిపి లెక్కకట్టి, జవాబు మాత్రం రాసుకునేవారు. బిళ్లలు తీసేశాక ఆ జవాబు ఎలా వచ్చిందో చూపించడానికి ఏమీ మిగలదు. మా ఊరి సంతలో నోటితో గబగబా లెక్క చెప్పేసి డబ్బులు చేతిలో పెట్టేస్తే మా అమ్మ ఏం అడగగలదు? ఇదీ అంతే.

లియోనార్డో ఈజిప్టు, సిరియా, గ్రీసు, సిసిలీ తిరిగి, 1202లో లిబర్ అబాచి అనే పెద్ద పుస్తకం రాశారు. సరుకుల ధరలు, మారకం, భాగస్వాముల వాటాలు, నాణేలలో వెండి పాళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. కుందేళ్లది 12వ అధ్యాయంలో ఒక్క లెక్క మాత్రమే.

నాకు బాగా నచ్చింది లెక్క సరిచూసే పద్ధతి. చింతపండు 37 కిలోలు, కిలో 24 రూపాయలు అనుకుందాం. మొత్తం 888. ఇప్పుడు 37లో అంకెలు కూడితే 10, మళ్లీ కూడితే 1. 24లో 6. ఒకటి ఆరుల ఆరు. 888లో కూడితే 24, మళ్లీ కూడితే 6. సరిపోయింది! సరిపోకపోతే లెక్క తప్పే. అయితే అంకెలు తారుమారైతే మాత్రం ఈ పద్ధతికి దొరకదు, జాగ్రత్త.

1228లో ఆ పుస్తకాన్ని ఆయనే మళ్లీ సవరించారు. 1240లో పీసా నగరం ఆయన సేవలకు ఏడాదికి 20 పౌన్ల జీతం ఏర్పాటు చేసింది. ఆ కొత్త అంకెల్ని మాత్రం అందరూ వెంటనే నమ్మలేదు. 1299లో ఫ్లోరెన్స్ నగరంలో డబ్బు మార్చే వర్తకుల సంఘం తమ ఖాతా పుస్తకాల్లో వాటిని నిషేధించి, మొత్తాలు అక్షరాల్లోనే రాయమంది. సున్నాని 6 గానో 9 గానో దిద్దేస్తారని భయమట. బ్యాంకు ఫారంలో సొమ్ము అంకెల్లో రాశాక మళ్లీ అక్షరాల్లో కూడా రాయమంటారు, చూశారా!