చీమల దాస్యమును కనుగొనిన పియెర్ హ్యూబరు

సొలొమోను రాజు సోమరికి చీమను గురువుగా చూపెను. అయితే చీమలలోను పరుల కష్టముమీద బ్రదుకు జాతులు గలవని లోకమునకు విశదపరచిన మహనీయుడు పియెర్ హ్యూబరు.

ఈయన 1777వ సంవత్సరమున జినీవా నగరమున జన్మించెను. తండ్రియగు ఫ్రాన్స్వా హ్యూబరు యౌవనముననే చూపు కోల్పోయియు, తేనెటీగల శాస్త్రమునకు పునాది వేసినవారిలో ఒకడయ్యెను. ఆయన పరీక్షలను ఆలోచించి చెప్పగా, బర్నెన్సు అను సేవకుడు వానిని నెరవేర్చి, తాను చూచినదంతయు విన్నవించుచుండెను. ఆ సేవకుడు వెళ్లిపోయిన పిదప భార్యయు, కుమారుడును ఆయనకు కన్నులైరి. ఇట్టి యింట పెరిగిన పియెరు, చూచుట యనునది ఎంత ఓర్పుతో కూడిన పనియో చక్కగా ఎరిగినవాడు.

1804 జూన్ 17వ తేదీ సాయంకాలము 4, 5 గంటల నడుమ ఆయన జినీవా పరిసరములలో నడచుచుండగా, ఎఱ్ఱనిచీమల దండొకటి బాట దాటిపోవుచుండెను. ఆయన దానిని వెంబడించెను. ఆ చీమలు బూడిదవన్నె చీమల పుట్టలో చొరబడి, వాని పసిపిల్లలను నోట కరచుకొని తమ పుట్టకు మరలెను. చిత్రమేమనగా, ఆ దొంగల వాకిటను బూడిదవన్నె చీమలే నిర్భయముగా తిరుగుచుండెను! అవి మునుపు అపహరింపబడి, అచ్చటనే పెరిగి, ఆ పుట్టనే తమ యిల్లని నమ్మి చాకిరి చేయునవి.

హ్యూబరు అంతటితో ఊరకుండలేదు. 30 ఎఱ్ఱచీమలను, వాని పిల్లలను ఒక పెట్టెలో నుంచి, తేనెయు పెట్టెను. కొడవలివంటి కోరలు గల ఆ శూరులు ఆహారము ఎదుటనుండగానే తినలేక, అనేకములు ఆకలిచే చచ్చెను. అంతట ఆయన ఒక్క బూడిదవన్నె చీమను లోపల విడిచెను. అది బ్రదికియున్నవానికి తినిపించి, మట్టిలో గది త్రవ్వి, పిల్లలను సంరక్షించి, సర్వమును చక్కబెట్టెను.

ఈ సంగతులను 1810లో గ్రంథరూపమున ప్రకటించెను. చార్లెస్ డార్విను మొదట సందేహించియు, తానే మరియొక జాతి పుట్టలు 14 త్రవ్విచూచి, ప్రతిదానిలోను దాసచీమలను కనుగొని, తన 1859 నాటి గ్రంథములో హ్యూబరును స్మరించెను. ఎఱ్ఱచీమల రాణి పరుల పుట్టలో దూరి, అచ్చటి రాణిని చంపి, ఆ స్థానము నాక్రమించునని తరువాతి శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. హ్యూబరు 1840లో ఇవెర్డన్ పట్టణమున మరణించెను.

ఈ చీమలు మన దేశపు పుట్టలలో కానరావు. అయినను ఇట్టి బ్రదుకు మనకు క్రొత్తది కాదు. కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో దొరల గడీల యెదుట తరతరములు వెట్టిచాకిరి చేసినవారి కథలు మీ యిండ్లలోని పెద్దల నడిగిన చెప్పుదురు. దున్నుట, నీరు మోయుట, వండుట యెరుగని చేయి ఎంత బలమైనదైనను, ఆ పెట్టెలోని చీమవలె నిస్సహాయమైనదే. చీమకు మనస్సాక్షి లేదు, గావున దానికి పాపము లేదు. మనకో, దేవుడు దానిని అనుగ్రహించియున్నాడు. విద్యార్థులారా, మీ పళ్లెమును మీరే కడిగికొనుడు. మీకు చాకిరి చేయువారి పేరును తెలిసికొనుడు. ఒక అంధుడు తన సేవకుని కన్నులను గౌరవించినందుననే, ఆ యింటి కుమారుడు చీమల దాస్యమును చూడగలిగెను గదా!