విశాఖ తీరాన ఓడల నిర్మాత: వాల్‌చంద్ హీరాచంద్

ఉత్తరాంధ్ర తీరవాసులకు సముద్రం కొత్త కాదు. వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్టణం, గోస్తనీ ముఖద్వారాన భీమునిపట్టణం ఒకప్పుడు పేరెన్నికగన్న రేవులు. పెద్ద ఓడ ఒడ్డు దాకా వచ్చేటంత లోతు అక్కడ లేనందున, దూరాన లంగరు వేసిన స్టీమరుకు సరుకునూ మనుషులనూ చేర్చే భారం మన జాలరుల పడవలదే. మేకులు దిగగొట్టిన పడవ కెరటాల తాకిడికి బీటలు వారుతుందని గ్రహించి, చెక్క పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి, దెబ్బ తగిలినప్పుడు ఒదిగిపోయేటట్లు మసూలా పడవను రూపొందించిన నేర్పరులు వారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పండిన గోగునార ఆ పడవల మీదనే స్టీమర్లకు చేరి, భీమునిపట్టణం పేరుతోనే విదేశీ విపణిలో చలామణి అయ్యేది. బతుకుదెరువు కరవైన కూలీలు రంగూన్‌కు, మన పల్లెల వాడుకలో రంగానికి, ఆ స్టీమర్ల డెక్కుల మీదనే ఎండకూ వానకూ ఓర్చి తరలిపోయేవారు.

ఒడ్డున ఆడే పడవ మనది. దూరాన నిలిచిన ఓడ మాత్రం పరాయివారిది. సరుకు మనది, చెమట మనది, కిరాయి మాత్రం వారిది. ఈ అంతరాన్ని తొలగించాలని జీవితమంతా పోరాడి, చివరకు మన విశాఖ తీరాన్నే తన కార్యక్షేత్రంగా ఎన్నుకున్న వ్యక్తి వాల్‌చంద్ హీరాచంద్. ఆయన తెలుగువాడు కాదు. సముద్రతీరాన పుట్టినవాడూ కాదు. అయినా విశాఖపట్టణంలో నేటికీ సింధియా అని ఒక ప్రాంతం పిలువబడుతున్నదంటే, అది ఆయన స్థాపించిన సంస్థ పేరే.

వాల్‌చంద్ 1882 నవంబరు 23వ తేదీన షోలాపూరులో జన్మించారు. ఆయనది గుజరాత్ నుండి వచ్చి మహారాష్ట్రలో స్థిరపడిన దిగంబర జైన కుటుంబం. తండ్రి హీరాచంద్ వడ్డీ వ్యాపారం, పత్తి వ్యాపారం చేసేవారు. వాల్‌చంద్ షోలాపూరులో ప్రాథమిక విద్య ముగించి, బొంబాయిలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలోనూ, పూనాలోని దక్కన్ కళాశాలలోనూ చదివారు. కాని కుటుంబ పరిస్థితులు అనుకూలించక పట్టా పుచ్చుకోకుండానే చదువు విరమించవలసి వచ్చింది. వంశపారంపర్యమైన వ్యాపారం చేతికి వచ్చింది గాని, గద్దె మీద కూర్చుండి లెక్కలు వ్రాసుకొనే పని ఆయన స్వభావానికి సరిపడలేదు. లక్ష్మణరావు ఫాటక్ అనే మిత్రునితో కలిసి రైల్వే కాంట్రాక్టులు చేపట్టారు. బార్సీ చిన్న రైలు మార్గంతో ఆరంభమైన ఆ పని, క్రమంగా సహ్యాద్రిలోని భోర్ ఘాట్‌లో కొండలను తొలిచి సొరంగాలు నిర్మించే దాకా పెరిగింది. డబ్బు తిప్పడం కంటె వస్తువును నిర్మించడమే మిన్న అన్న దృష్టి ఆయనకు అక్కడే అలవడింది.

1919లో ఒక రైలు ప్రయాణంలో, గ్వాలియర్ మహారాజు సింధియాకు చెందిన ఓడ ఒకటి అమ్మకానికి ఉన్నదన్న వార్త ఆయన చెవిని పడింది. దాని పేరు లాయల్టీ. 1890లో ఇంగ్లండులో నిర్మించబడి, ఎంప్రెస్ ఆఫ్ ఇండియా అన్న పేరుతో కెనడా, తూర్పు ఆసియాల మధ్య వేగంగా తిరిగిన ఓడ అది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి ఓడగా పనిచేసింది. వాల్‌చంద్, నరోత్తమ్ మొరార్జీ, కిలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయి శామల్‌దాస్ కలిసి దానిని కొని, సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించారు. 1919 ఏప్రిల్ 5వ తేదీన లాయల్టీ బొంబాయి నుండి లండనుకు బయలుదేరింది. ఆ దినమునే మన దేశం ఇప్పటికీ జాతీయ నౌకా దినోత్సవంగా జరుపుకుంటున్నది.

ఓడ కొన్నంత మాత్రాన సముద్రం మనదైపోలేదు. అప్పటికి భారత తీర వాణిజ్యమంతా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ గుప్పిటిలో ఉండేది. దాని వెనుక లార్డ్ ఇంచ్‌కేప్ ఉండేవారు. ఎవరైనా స్వదేశీయుడు ఓడ నడపబోతే, వారు కిరాయిలు నేలకు దించేవారు. పోటీదారుడు దివాలా తీసిన మరునాడు మరల పెంచేవారు. 1906లో తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్లై ప్రారంభించిన స్వదేశీ నౌకా సంస్థ ఈ కిరాయిల యుద్ధానికీ, ప్రభుత్వ నిర్బంధానికీ బలి అయిపోయింది. సింధియాకూ అదే గతి పట్టించాలని ప్రయత్నం జరిగింది. కంపెనీని కొనివేయడానికి ఇంచ్‌కేప్ ముందుకు రాగా, వాల్‌చంద్ బృందం అమ్మడానికి అంగీకరించలేదు. అయితే బలమైన ప్రత్యర్థితో ఎల్లకాలం యుద్ధం చేయలేక, 1923లో పదేళ్ల ఒడంబడికకు లోబడక తప్పలేదు. దాని ప్రకారం సింధియా తీర వాణిజ్యానికే పరిమితం కావాలి. దాని ఓడల మొత్తం 75,000 టన్నులు మించరాదు. అది గౌరవప్రదమైన ఒడంబడిక కాదు. కాని ఊపిరి నిలిచింది. ఊపిరి ఉన్నవానికే తరువాతి పోరాటం సాధ్యం.

1929లో నరోత్తమ్ మొరార్జీ మరణించగా, కంపెనీ అధ్యక్ష బాధ్యత వాల్‌చంద్ భుజాలపై పడింది. తీర వాణిజ్యం స్వదేశీ ఓడలకే చెందాలని 1928లో ఎస్.ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిన బిల్లుకు వెనుక సింధియా వారి బలముండేది. అది చట్టం కాలేదు. 1937లో సింధియా హజ్ యాత్రికుల రవాణాలో ప్రవేశించి, ఎల్ మదీనా అనే ఓడను నడిపింది. అప్పటిదాకా ఆ మార్గం బ్రిటిషు వర్గానికి చెందిన మొఘల్ లైన్ చేతిలో ఉండేది. మరల కిరాయిల యుద్ధం సాగింది. పుణ్యక్షేత్ర దర్శనానికి జీవితమంతా కూడబెట్టుకున్న పేద ముస్లిం యాత్రికునికి ఆ పోటీ వలన ఛార్జీ తగ్గింది. ఎల్ మదీనా 1944లో బంగాళాఖాతంలో శత్రు జలాంతర్గామి దాడికి గురియై మునిగిపోయింది.

ఈ అనుభవాలన్నిటినుండీ వాల్‌చంద్ ఒక సత్యం గ్రహించారు. ఓడలు కొనే దేశం ఎప్పటికీ అమ్మేవాని దయ మీద ఆధారపడుతుంది. ఓడలు కట్టే దేశమే స్వతంత్ర దేశం. ఈ విద్య మనకు తెలియనిది కాదు. గోదావరి తీరాన కోరంగిలో 19వ శతాబ్దం దాకా తెరచాప ఓడలు నిర్మించేవారు. బొంబాయిలో వాడియా వంశీయులు టేకు కర్రతో బ్రిటిషు నౌకాదళానికే యుద్ధనౌకలు కట్టి ఇచ్చారు. కర్ర పోయి ఇనుము, తెరచాప పోయి ఆవిరి యంత్రం వచ్చిన కాలంలో, ఆ మార్పును అందుకొనే కార్ఖానాలు పరాయి పాలనలో మనకు ఏర్పడలేదు. అక్కడ తెగిన గొలుసును మరల అతకాలన్నది ఆయన సంకల్పం.

మొదట ఆయన దృష్టి కలకత్తా మీద ఉండేది. అక్కడ అనువైన స్థలం దొరకక విశాఖపట్టణం వైపు మళ్లారు. ఈ ఎన్నిక యాదృచ్ఛికం కాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ప్రకృతి రక్షణ గల రేవు అది. 1931లో పూర్తియైన రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం మధ్య భారతాన్ని ఆ రేవుతో కలిపింది. టాటా ఉక్కు రైలు మార్గాన చేరడానికీ వీలుండేది. అంతేకాదు, 1933 అక్టోబరులో విశాఖ నౌకాశ్రయంలో మొట్టమొదట ప్రవేశించిన ఓడ సింధియా వారి జలదుర్గయే.

1941 జూన్ 21వ తేదీన నౌకా నిర్మాణ కేంద్రానికి డాక్టర్ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. నాటికి శ్రీకాకుళం, విజయనగరం ప్రత్యేక జిల్లాలు కావు. అవి విశాఖపట్టణం జిల్లాలోనే అంతర్భాగాలు. ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలమది. ఓడల అవసరం యుద్ధకాలంలోనే ఎక్కువ అయినా, ప్రభుత్వం నుండి రావలసిన ప్రోత్సాహం రాలేదు. ఇంతలో 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్టణంపై బాంబులు కురిపించాయి. పనులు ఆగిపోయాయి. బెంగుళూరులో 1940లో మైసూరు సంస్థానం తోడ్పాటుతో ఆయన ఆరంభించిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారాన్ని కూడా 1942లోనే ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. ఒకే సంవత్సరంలో రెండు ఆశలు చెదిరినా ఆయన వెనుకంజ వేయలేదు. 1944లో మోటారు కార్ల తయారీకి ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. భూమి, ఆకాశం, సముద్రం అనే మూడు మార్గాలలోనూ స్వదేశీ వాహనం నడవాలని ఆయన ఆకాంక్ష.

యుద్ధం ముగిసిన పిదప విశాఖలో పని మరల ఊపందుకున్నది. ఓడ నిర్మాణం ఒక్కరి చేతి పని కాదు. ముందుగా వెన్నెముక వంటి అడుగు దూలాన్ని పరచాలి. దాని నుండి పక్కటెముకల వలె ఉక్కు చట్రాలు లేస్తాయి. వాటిపై రేకులను కొలిచి, వంచి, కాల్చిన రివెట్లతో బిగించాలి. ఒక్క అతుకు వదులైనా సముద్రం క్షమించదు. దేహం పూర్తియైన తరువాత, నీటి వైపు వాలుగా కట్టిన వేదికపై కొవ్వు పూసి, అడ్డు తొలగించి, ఓడను దాని బరువుతోనే నీటిలోకి జారవిడుస్తారు. సంవత్సరాల శ్రమ నిలిచేదీ పోయేదీ ఆ కొద్ది క్షణాలలో తేలిపోతుంది. 1948 మార్చి 14వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా జల ఉష అలా నీటిని తాకింది. ఎనిమిది వేల టన్నుల బరువు మోయగల ఆ ఓడ, స్వతంత్ర భారతంలో నిర్మించబడిన మొదటి సముద్రయాన నౌక. ఉషస్సు అన్న పేరు ఆ ఉదయానికి ఎంతో తగియున్నది.

కాని ఆ ఉదయం వెంటనే మధ్యాహ్నం కాలేదు. యంత్రాలు విదేశాల నుండి రావలసియుండుట వలన, ఆర్డర్లు స్వల్పమగుట వలన, విశాఖలో కట్టిన ఓడకు బ్రిటనులో కట్టిన ఓడ కంటె ఖర్చు అధికమయ్యేది. కంపెనీ ఒక్కటే ఆ నష్టం భరించలేకపోయింది. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ సంస్థ ఏర్పడి, దానిలో మూడింట రెండు వంతుల వాటా ప్రభుత్వం తీసుకున్నది; 1961లో మొత్తం ప్రభుత్వపరమైంది. అప్పటికి వాల్‌చంద్ లేరు. ఆరోగ్యం క్షీణించి 1950లో బాధ్యతలనుండి తప్పుకున్న ఆయన, 1953 ఏప్రిల్ 8వ తేదీన గుజరాతులోని సిద్ధపూర్‌లో కన్నుమూశారు. భార్య కస్తూరిబాయి తుదిదాకా ఆయనకు పరిచర్య చేశారు.

వాల్‌చంద్‌ను విమర్శించేవారు లేకపోలేదు. ఒక పని కుదుటపడక మునుపే మరొకటి ఆరంభించేవారని, చేతిలోని ధనానికి మించి సాహసించేవారని అనేవారు. అందులో కొంత నిజమున్నది. ఆయన వైరాగి కాదు, వ్యాపారి, లాభాన్ని ఆశించారు. విమాన కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రం రెండూ ఆయన చేతినుండి జారిపోయి ప్రభుత్వపరమైనవి. లెక్కల పుస్తకం ప్రకారం అది ఓటమియే. కాని నిర్మాతను లెక్కల పుస్తకంతో మాత్రమే కొలువరాదు. ఆయన లేకపోయినా కార్ఖానా నిలిచింది. కార్ఖానాలో విద్య నిలిచింది. పేరు మారినా, యజమాని మారినా, చేతులు నేర్చిన పని మారలేదు.

దానికి నిదర్శనం నేడూ కనిపిస్తున్నది. ఆ కేంద్రంలో ఇప్పటికి రెండు వందలకు మించి ఓడలు తయారైనాయి. 2010లో అది రక్షణ శాఖ పరిధిలోకి వచ్చింది. అంతకు ముందే, 2009లో, తీర రక్షక దళం కొరకు అక్కడ నిర్మించిన రాణి అబ్బక్క అనే గస్తీ నౌక జలప్రవేశం చేసింది. దానికి సాధారణమైన చక్రాలకు బదులు నీటిని వెనుకకు బలంగా చిమ్మి ముందుకు నెట్టే వాటర్‌జెట్ యంత్రాలు అమర్చారు. ముప్పయి నాట్లకు పైబడిన వేగంతో అది దూసుకుపోగలదు. బరువైన సరుకు ఓడతో ఆరంభమైన విద్య, ఈనాడు మెరుపు వేగంతో తిరిగే నౌకను కూడా తీర్చగలిగింది. మసూలా పడవను కుట్టిన తాత, జల ఉషకు రివెట్టు కొట్టిన తండ్రి, వాటర్‌జెట్ నౌకకు వెల్డింగు చేసే కుమారుడు, ఈ ముగ్గురిదీ ఒకే తీరం.

విద్యార్థులు ఈ జీవితంనుండి గ్రహించవలసినది ఒక్కటే. వాల్‌చంద్ కళాశాల పట్టా పొందలేదు గాని నేర్చుకోవడం మానలేదు. ఓడను గురించి ఏమియు తెలియని కుటుంబంలో పుట్టి, ఓడలు కట్టించారు. మన తాతలు పరాయి స్టీమరు డెక్కు మీద కూలీలుగా రంగం వెళ్లారు. మన సోదరులు నేడు ఓడల నమూనాలు గీసే ఇంజనీర్లు కాగలుగుతున్నారు. ఆ రెంటి మధ్య దూరాన్ని కొలిచి చూస్తే, దానిలో కొంత భాగం ఆ షోలాపూరు వర్తకుడు నడిచిన దూరమని తెలుస్తుంది. మిగిలిన దూరం నడవవలసిన పాదాలు మనవే.