గీతలలో ఒదిగిన లెక్కలు

వర్తకుని చిట్టాలో అంకెలు వేలకు వేలుంటాయి. ఏ యేడు రాబడి పెరిగిందో, ఏ యేడు తరిగిందో తెలియాలంటే పుటలన్నీ తిరగవేయక తప్పదు. ఆ అంకెలనే ఒక గీతగా గీసి చూపితే కన్ను క్షణంలో గ్రహిస్తుంది. వాణిజ్య గణాంకాలకు ఇటువంటి రూపం కల్పించినవారిలో అగ్రగణ్యుడు విలియం ప్లేఫెయిర్. లోకానికి లెక్కలను చూడటం నేర్పిన ఈయన సొంత లెక్కలు మాత్రం ఏనాడూ సరిపడలేదు.

ప్లేఫెయిర్ 1759 సెప్టెంబరు 22న స్కాట్లాండులో, డండీ నగర సమీపాన గల లిఫ్ గ్రామంలో జన్మించాడు. తండ్రి చర్చి మతాచార్యుడు. 1772లో తండ్రి మరణించడంతో కుటుంబ భారం పెద్దన్న జాన్‌పై పడింది. తర్వాతి కాలంలో గణితవేత్తగా, భూవిజ్ఞానిగా ఖ్యాతి గడించిన జాన్, తమ్మునికి ఒక పని అప్పగించాడు. ప్రతిదినం ఉష్ణమాపకంలోని కొలతను నమోదు చేసి, వాటి హెచ్చుతగ్గులను గీతలుగా చూపడమే ఆ పని. అంకెలతో చెప్పగలిగిన దేనినైనా గీతలతో చూపవచ్చునన్న పాఠం ఆ బాలుని మనస్సులో నాటుకొన్నది.

నూర్పిడి యంత్ర నిర్మాత ఆండ్రూ మైకిల్ వద్ద కొంతకాలం శిష్యరికం చేసిన తర్వాత, 1777లో ఆయన బర్మింగ్‌హామ్ చేరి, ఆవిరియంత్రంతో ప్రసిద్ధుడైన జేమ్స్ వాట్ వద్ద యంత్రాల నమూనాలు గీసే సహాయకుడయ్యాడు. ఆ కొలువు విడిచి లండనులో పెట్టిన వెండిసామాను వ్యాపారం నిలువలేదు.

1786లో వెలువడిన 'కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్' ఆయన కీర్తికి మూలం. అట్లాస్ అన్న పేరే గాని, అందులో దేశపటం ఒక్కటీ లేదు. ఉన్నవి 44 రేఖాపటాలు. ఇంగ్లండు ఏయే దేశాలతో ఎంత వర్తకం చేసిందో ఏళ్ల వరుసలో ఎగుమతులకొక గీత, దిగుమతులకొక గీతగా చూపాడు. ఒక్క స్కాట్లాండు విషయంలోనే చిక్కు వచ్చింది. ఆయనకు దొరికింది 1781 నాటి లెక్క ఒక్కటే. ఒక్క యేటి లెక్కతో గీత సాగదు కదా! అందుచేత పదిహేడు ప్రాంతాలతో జరిగిన వర్తకాన్ని కమ్మీలుగా నిలిపాడు. నేడు విద్యార్థులు గీసే కమ్మీ చిత్రం ఆ విధంగా, సమాచారం చాలని లోటులో నుండి పుట్టింది. కాలగతిని చూపలేనందున దానిని తక్కిన పటాల కన్న తక్కువదిగానే ఆయన తలచాడు.

ఈ గ్రంథం సిద్ధమవుతున్నప్పుడు వాట్ ఒక హితవు చెప్పాడు. కేవలం గీతలను చూసి జనం నమ్మరని, వాటికి ఆధారమైన అంకెల పట్టికలను కూడా జతచేయుమని ఆయన సలహా. నేడు వ్యాపార నివేదికల సాఫ్ట్‌వేర్‌లో కమ్మీ మీద వేలు పెట్టగానే దాని వెనుక ఉన్న అంకె తెరపై ప్రత్యక్షమవుతుంది. ఆ సౌకర్యాన్ని అమర్చేవారు తెలిసో తెలియకో వాట్ మాటనే పాటిస్తున్నారు. అంకె లేని గీతకు అందం ఉండవచ్చు గాని సాక్ష్యం ఉండదు.

1787లో ప్లేఫెయిర్ పారిస్ చేరాడు. పదహారవ లూయీ రాజు ఆ పటాలను చూడగానే గ్రహించి మెచ్చాడని ఆయనే చెప్పుకొన్నాడు. అయితే అమెరికాలోని ఒహాయో భూములను ఫ్రెంచివారికి అమ్మే వ్యవహారంలో ఆయన తలదూర్చాడు. కొన్నవారు సముద్రం దాటి వెళ్లి చూడగా, అమ్మిన సంస్థకు ఆ భూములపై హక్కే లేదని తేలింది. లండనుకు తిరిగివచ్చి పెట్టిన బ్యాంకు కూలిపోయింది. అప్పుల కారణంగా చెరసాల చూడవలసివచ్చింది. ఇటువంటి వ్యక్తి గీసిన గీతలను స్వదేశంలో పలువురు పట్టించుకోకపోవడంలో వింత లేదు.

అయినా ఆయన కలం ఆగలేదు. 1801లో ప్రచురించిన 'స్టాటిస్టికల్ బ్రీవియరీ'లో టర్కీ సామ్రాజ్యాన్ని ఒక వృత్తంగా గీసి, ఆసియా, ఐరోపా, ఆఫ్రికా భాగాలను మూడు ఖండాలుగా రంగులతో వేరుచేశాడు. అదే వృత్తరేఖాచిత్రానికి నాంది. హిందూస్థానంలోని పాలక శక్తుల వివరాలను సైతం ఆ గ్రంథానికి అనుబంధంగా చేర్చాడు.

అరవై దాటిన వయస్సులో, 1821లో, ఆయన మరొక పటం గీశాడు. 1565 నుండి నాటివరకు గోధుమ ధరను కమ్మీలుగాను, పనివాని వారపు కూలిని గీతగాను ఒకే కాగితంపై నిలిపాడు. ధాన్యం ప్రియమైందని అందరూ వాపోతున్న రోజులవి. కూలితో పోల్చి చూస్తే మాత్రం గోధుమ మునుపెన్నడూ అంత చవకగా లేదని ఆయన తేల్చాడు.

1823 ఫిబ్రవరి 11న లండనులో, పేదరికంలోనే ప్లేఫెయిర్ కన్నుమూశాడు.