డేనియల్ బెర్నౌలీ

మేడమీది ట్యాంకు నుండి గొట్టాల గుండా దిగివచ్చిన నీరు కుళాయి తిప్పగానే ధారగా దూకుతుంది. ఆ పీడనానికి, ఆ వేగానికి గల సంబంధాన్ని గణితం ద్వారా నిరూపించిన శాస్త్రవేత్త డేనియల్ బెర్నౌలీ.

ఆయన 1700వ సంవత్సరం ఫిబ్రవరి 8వ తేదీన హాలెండులోని గ్రోనింగెన్ నగరంలో జన్మించాడు. తండ్రి యోహాన్ ఐరోపా అంతటా పేరెన్నికగన్న గణిత పండితుడు. 1705లో ఆ కుటుంబం స్వస్థలమైన స్విట్జర్లాండులోని బాసెల్‌కు తిరిగివచ్చింది. కుమారుణ్ణి వర్తకునిగా చేయాలని తండ్రి తలచాడు. డేనియల్ మనసు గణితంపైనే లగ్నమైంది. తుదకు తండ్రి ఆదేశంపై వైద్యశాస్త్రం అభ్యసించి, 1721లో శ్వాసక్రియపై సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. గణితాన్ని మాత్రం తండ్రి వద్ద, అన్న నికోలస్ వద్ద నేర్చుకున్నాడు.

1725లో అన్నదమ్ములిద్దరూ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చేరారు. మరుసటి ఏడే అన్న మరణించాడు. డేనియల్ ఆ దుఃఖాన్ని దిగమింగి పరిశోధన కొనసాగించాడు. 1727లో వచ్చి చేరిన ఆయిలర్ ఆయనకు ఆప్తమిత్రుడయ్యాడు. అక్కడే నీటి ప్రవాహంపై గ్రంథరచనకు పూనుకున్నాడు.

నీరు పారే గొట్టం గోడకు చిన్న రంధ్రం చేసి, దానికి నిలువుగా ఒక గాజు గొట్టం అమర్చితే, అందులో నీరు ఎక్కిన ఎత్తు గోడపై గల పీడనాన్ని తెలుపుతుందని డేనియల్ గ్రహించాడు. కుళాయి మూసి ఉన్నప్పుడు పీడనం ట్యాంకులోని నీటిమట్టపు ఎత్తును బట్టి ఉంటుంది. 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. కుళాయి తెరవగానే ఆ పీడనంలో కొంత వేగంగా మారుతుంది. గొట్టం సన్నబడిన చోట వేగం హెచ్చి, పీడనం తగ్గుతుంది. గొట్టాల ఒరిపిడి వల్ల కలిగే నష్టం దీనికి అదనం.

1733లో డేనియల్ బాసెల్‌కు తిరిగివచ్చాడు. మరుసటి ఏడు పారిస్ అకాడమీ తన బహుమతిని తండ్రీకొడుకులకు సమంగా పంచింది. కుమారుడు తనకు సాటి కావడం సహించలేని యోహాన్ అతణ్ణి ఇంటికి రావద్దన్నాడు. 1738లో వెలువడిన 'హైడ్రోడైనమికా' ముఖపత్రంపై డేనియల్ తనను యోహాన్ కుమారునిగానే పేర్కొన్నాడు. తండ్రి మాత్రం అదే విషయంపై తానొక గ్రంథం రచించి, అది 1732 నాటిదని ప్రకటించాడు. తన ఏళ్ల శ్రమఫలం అపహరణకు గురైందన్న వేదనను డేనియల్ ఆయిలర్‌తో పంచుకున్నాడు. అయినా శాస్త్రకృషి విడువలేదు. పారిస్ అకాడమీ బహుమతిని మొత్తం 10 సార్లు పొందాడు.

1782 మార్చి 17న బాసెల్‌లో ఆయన కన్నుమూశాడు. గ్రంథంపై వేసిన పాత తేదీ సత్యాన్ని మరుగుపరచలేకపోయింది. ప్రవాహ సూత్రాన్ని లోకం నేటికీ 'హైడ్రోడైనమికా' కర్త డేనియల్‌దిగానే గౌరవిస్తోంది.