మీసములు గల తల్లి

ప్లీడరుగా నాలుగు డబ్బులు గడించుచున్నవాడు ఆ వృత్తిని విడనాడి, ముక్కు తుడుచుకొన నేరని పసివాండ్ర నడుమ జేరినచో లోకము వానిని వెఱ్ఱివానిగా నెంచుట వింత గాదు. అట్టి పని చేసిన గిజూభాయి బధేకాను గుజరాతీయులు తుదకు మీసములు గల తల్లియని పిలిచిరి. అంతకు మించిన బిరుదమును ఏ విశ్వవిద్యాలయము నీయజాలును?

ఆయన పూర్తి పేరు గిరిజాశంకర్. 1885 నవంబరు 15వ తేదీన కాఠియావాడునందలి చితల్ గ్రామమున జన్మించెను. 1907లో జీవనోపాధికై తూర్పు ఆఫ్రికాకు బోయి, మరలివచ్చి, బొంబాయిలో న్యాయశాస్త్రము నభ్యసించి, వఢ్వాణులో వ్యాజ్యములు నడపసాగెను. 1913లో కుమారుడు కలిగెను. ఈ బిడ్డకు చదువెట్లు చెప్పింపవలెనను చింతయే తండ్రి బ్రతుకును మార్చివేసినది. మాంటిస్సోరీ రచనలు చేతబడినవి. 1916లో, నానాభాయి భట్టు నడుపుచుండిన భావనగరపు దక్షిణామూర్తి సంస్థలో జేరి, 1920లో అచ్చట బాలమందిరమును స్థాపించెను.

ఆ మందిరమున కొట్టుట లేదు, భయపెట్టుట లేదు, బహుమానముల నాశచూపుటయు లేదు. ఈ మూడవ నిషేధమే మనవారికి మింగుడుపడనిది. బెత్తము కూడదని యొప్పుకొనువారు సైతము బహుమానమునందు దోషమేమని యడుగుదురు. బిడ్డ పనిని పనికొఱకే ప్రేమింపవలెనుగాని, దాని వెనుక వచ్చు లాభముకొఱకు గాదని గిజూభాయి మతము. పిల్లలు తమ కింపైన పనిని తామే యెన్నుకొనుచుండిరి. ఆయన మాంటిస్సోరీ పద్ధతిని స్వీకరించెనేగాని దానికి దాసుడు గాలేదు. ఆమె పసివారి చదువులో కల్పితకథల కంతగా చోటీయలేదు. ఈయనయో జానపదకథలను, పాటలను, నాటకములను పెద్దపీట వేసి కూర్చుండబెట్టెను.

ఆయన దివాస్వప్నము తెలుగున పగటి కల యను పేర వెలువడినది. అది కల్పితగాథ. ఒక యుపాధ్యాయుడు విద్యాధికారిని ప్రార్థించి, సర్కారు బడిలోని నాల్గవ తరగతిని ఒక సంవత్సరము తన కొప్పగింపించుకొనును. మొదటినాడు మౌనముగా గూర్చుండు ఆట యాడింపబోయి భంగపడును. పిల్లల అల్లరికి మేర లేదు. మఱునాడు కథ నారంభించును, తరగతి సద్దుమణగును. కథను మంచిపట్టున నాపి హాజరు పిలుచును! అందఱును ఒకే పాఠ్యపుస్తకమును గొనుటకు మారుగా, ఆ సొమ్ముతో వేర్వేఱు పుస్తకములు తెప్పించి తరగతికి గ్రంథాలయమును గూర్చును. గోళ్లు తీసికొనుటయు చదువులో భాగమే, వ్యాకరణము ఆటయే. తోడి పంతుళ్లు నవ్వుదురు. పరీక్షల మాట యేమని తల్లిదండ్రులు కలవరపడుదురు. ఈ విధానము కలిగినవారి బిడ్డలకే చెల్లునని యాక్షేపించువారికి ఈ గ్రంథమే సమాధానము. అందలి పంతులుకు ముఖ్యమైన ఉపకరణములు నోరును, ఓర్పును. అయినను ఒక మాట దాచరాదు. ఆ పంతులునకు అండగా నిలిచిన అధికారి యుండెను. అట్టివాడు లేని బడిలో ఆ పంతులు గతి యేమగునో గ్రంథకర్త చెప్పలేదు. మన పంతుళ్లలో ననేకు లడుగు ప్రశ్న యదియే.

గిజూభాయి 1936లో దక్షిణామూర్తిని వీడి, 1939 జూన్ 23వ తేదీన బొంబాయిలో గతించెను. 1923లో ఆయన కడ జేరి పనిచేసిన తారాబాయి మోడక్, 1945లో బొంబాయికి ఉత్తరముననున్న బోర్డీ గ్రామమునకు ఆ విద్యను గొనిపోయెను. బడికి రాలేని బీదపిల్లల యిండ్ల ముంగిళ్లకే అచ్చట బడి నడచిపోయెను. అంగన్‌వాడీ యనునది ఆ ముంగిటి బడులకు పెట్టిన పేరు.