మొదటి సీజన్‌లో ఆరే మ్యాచ్‌లు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో నోటర్ డేమ్ యూనివర్సిటీ ఉంది. 1918లో అక్కడి ఫుట్‌బాల్ జట్టుకి కొత్త హెడ్ కోచ్ వచ్చాడు. పేరు నూట్ రాక్నీ, వయసు 30. అంతకుముందున్న కోచ్ జెస్సీ హార్పర్ కాన్సస్‌లో పశువుల ర్యాంచ్ చూసుకోవడానికి వెళ్లిపోతూ, తన అసిస్టెంట్‌నే ఆ సీట్లో కూర్చోబెట్టమని చెప్పి వెళ్లాడు.

కుర్చీ దొరికింది సరే, జట్టేది? మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. సీనియర్లు చాలామంది సైన్యంలోకి పోయారు. మామూలుగా ఫస్టియర్ పిల్లలకి జట్టులో చోటుండదు, ఆ ఏడాది మాత్రం రూల్ సడలించారు. ఉన్నవాళ్లతో మొదటి మ్యాచ్ గెలిచాడో లేదో, స్పానిష్ ఫ్లూ ముంచుకొచ్చింది. సెప్టెంబర్ 28 తర్వాత మళ్లీ నవంబర్ 2 దాకా ఒక్క మ్యాచ్ కూడా లేదు.

అసలు రాక్నీ ఇక్కడిదాకా రావడమే ఆలస్యం. పుట్టింది 1888లో, నార్వేలోని వాస్‌లో. ఐదేళ్లప్పుడు కుటుంబం షికాగో చేరింది. స్కూలు అయ్యాక కొన్నేళ్లు పోస్టాఫీసులో గుమస్తాగా పనిచేసి, డబ్బులు కూడబెట్టుకుని, 22 ఏళ్లకి కాలేజీలో చేరాడు. తోటివాళ్లు డిగ్రీ పట్టా పుచ్చుకునే వయసన్నమాట! ఫార్మసీ చదివి 1914లో మంచి మార్కులతో బయటికొచ్చాడు. ఫాదర్ జూలియస్ న్యూలండ్ దగ్గర కెమిస్ట్రీ అసిస్టెంట్‌గా చేరాడు. ఆ న్యూలండ్ పరిశోధనల మీదే తర్వాత నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు తయారైంది. అంటే రాక్నీ ల్యాబ్‌లో ఉండిపోయినా చిన్న బతుకేం కాదు. కానీ పొద్దున ల్యాబ్, సాయంత్రం గ్రౌండ్ అంటూ నాలుగేళ్లు రెండు పడవల్లోనూ కాళ్లు పెట్టాడు.

అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు, తెలుసుగా. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చినవాళ్లని తోసుకుంటూ గీత దాటించాలి. బంతిని ముందుకి విసరొచ్చని 1906లోనే రూల్ వచ్చినా, పెద్ద జట్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1913 వేసవిలో రాక్నీ, స్నేహితుడు గస్ డోరైస్ ఈరీ సరస్సు ఒడ్డున సీడర్ పాయింట్‌లో ఉద్యోగం చేస్తూ, ఖాళీ దొరికితే ఇసకలో అదే సాధన చేశారు. ఆ నవంబర్‌లో బలమైన ఆర్మీ జట్టుని 35–13తో ఓడించారు. పాస్‌ని కనిపెట్టింది వీళ్లేనని కొందరంటారు గానీ అది నిజం కాదు. దాన్ని పట్టుదలగా వాడి చూపించారు, అంతే.

మళ్లీ 1918కి వద్దాం. నవంబర్‌లో నాలుగు వారాల్లోపే ఐదు మ్యాచ్‌లు ఆడాలి. వాబాష్ మీద 67–7. తర్వాతి వారం గ్రేట్ లేక్స్ నౌకాదళం జట్టు. అందులో కాలేజీ కుర్రాళ్లు కాదు, జార్జ్ హలాస్ లాంటి ఆరితేరినవాళ్లున్నారు. ఆ జట్టే తర్వాత రోజ్ బౌల్ గెలిచింది. దాన్ని రాక్నీ పిల్లలు 7–7తో ఆపారు. మరుసటి వారమే మిషిగన్ అగ్రికల్చరల్ కాలేజీ చేతిలో 7–13తో ఓడిపోయారు. పర్డ్యూ మీద గెలుపు, నెబ్రాస్కాతో 0–0.

మొత్తం మూడు గెలుపులు, ఒక ఓటమి, రెండు డ్రాలు. కొత్త కోచ్ రిపోర్ట్ కార్డులో గొప్పగా చూపించుకునే అంకెలేం కావు. నా లెక్కలో మాత్రం ఆ గ్రేట్ లేక్స్ డ్రా ఒక గెలుపుతో సమానం. ఆ ఏడాది ఆడిన ఫస్టియర్ కుర్రాళ్లలో కర్లీ లాంబో ఒకడు. మరుసటి ఏడాదే గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుని మొదలుపెట్టిన వాళ్లలో అతనున్నాడు. బేస్‌బాల్ ఆడదామని కాలేజీకొచ్చి, రాక్నీ కంట్లో పడి ఫుట్‌బాల్‌కి మళ్లిన జార్జ్ గిప్ కూడా ఆ జట్టులోనే ఉన్నాడు.

1919లో తొమ్మిదికి తొమ్మిదీ గెలిచారు. 1920లోనూ అంతే. ఆ డిసెంబర్‌లోనే గిప్ గొంతు ఇన్‌ఫెక్షన్, న్యుమోనియాలతో 25 ఏళ్లకే చనిపోయాడు. పెన్సిలిన్ ఇంకా రాని రోజులవి.

రాక్నీ 13 సీజన్లలో 105 గెలిచి, 12 మాత్రమే ఓడాడు. 1931 మార్చి 31న అతను ఎక్కిన విమానం చెక్క రెక్క విరిగి కాన్సస్ పొలాల్లో కూలింది. ఎనిమిది మందీ చనిపోయారు. అప్పటికి అతనికి 43. ఆ ఏడాదే హార్పర్ తన ర్యాంచ్ వదిలి, అథ్లెటిక్ డైరెక్టర్‌గా నోటర్ డేమ్‌కి తిరిగొచ్చాడు.